టెలోమియర్ పరీక్షతో గుండె జబ్బు ముందే తెలుస్తుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. నాన్నకు 52లో గుండెపోటు వచ్చింది. టెలోమియర్ పొడవు పరీక్ష చేయించుకోమంటున్నారు. అవసరమా? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: అవసరం లేదండి. టెలోమియర్లు క్రోమోజోముల చివర ఉండే తొడుగులు. కణం విభజన జరిగిన ప్రతిసారీ కొంత అరుగుతాయి. తెల్ల రక్తకణాల్లో ఇవి పొట్టిగా ఉన్నవారికి గుండె జబ్బు కాస్త ఎక్కువన్నది నిజమే, కానీ అది వేలమందిని కలిపి చూసిన లెక్క. ఒకే వయసువాళ్లలోనూ పొడవు బాగా మారుతుంది. పీసీఆర్ అనే ల్యాబ్ పద్ధతితో అదే నమూనాను మళ్లీ కొలిచినా అంకె మారొచ్చు. పొట్టిగా ఉందని తేలినా దాన్ని పెంచి గుండెను కాపాడే మందు లేదు.

ఆ డబ్బుతో బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చూపించుకోండి. లైపోప్రోటీన్-ఏ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) పరీక్ష మాత్రం ఒక్కసారి తప్పక చేయించండి. అది చాలావరకు వారసత్వంగా వచ్చేదే. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) ఇంకా గట్టిగా తగ్గించాలి. నడుస్తుంటే ఛాతీ పట్టేస్తోందా? రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి.