కొత్త మెషీన్ కొనేముందు గిన్నె మీద మూత పెట్టి చూడండి

ప్రశ్న: నెలాఖరుకు గ్యాస్, కరెంటు ఖర్చులు చూస్తే టెన్షన్‌గా ఉంటోంది. పిల్లలకు ఇష్టమని వారానికి నాలుగు పూటలు బంగాళాదుంపలు ఉడికిస్తాం, పూటకు దాదాపు కిలో. వాయిదాల మీద మైక్రోవేవ్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుందని మావారు అంటున్నారు. నేనేమో తేల్చుకోలేకపోతున్నాను. కొనడం లాభమేనా?

జవాబు: వాయిదాల కాగితం మీద సంతకం పెట్టకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఈ ఒక్క పని కోసమైతే కొనకండి. ఎందుకో లెక్క చూపిస్తాను.

ఎన్ని నీళ్లు పోస్తారో, మూత పెడతారో లేదో మీరు రాయలేదు. చాలా ఇళ్లలో జరిగేదే మీ ఇంట్లోనూ అనుకుందాం: కిలో దుంపలు, మూడు లీటర్ల నీళ్లు, పెద్ద మంట, మూత లేదు. లీటరు నీళ్లు మరిగే దాకా రావాలంటే సుమారు 0.09 యూనిట్ వేడి కావాలి. యూనిట్ అంటే కరెంటు బిల్లులో కనిపించేదే. గ్యాస్‌ని కూడా అదే కొలతలో చూస్తే పోల్చుకోవడం తేలిక. మూడు లీటర్లకు 0.26 అయింది. కిలో దుంపలు వేడెక్కడానికి మాత్రం 0.07 చాలు. అంటే మనం తినే దుంపల కంటే, చివర్లో సింకులో పారబోసే నీళ్లకే మూడు రెట్లకు పైగా ఖర్చు పెడుతున్నాం.

దీనికంటే పెద్ద దెబ్బ ఆవిరిది. నీళ్లను మరిగించడం ఒక ఎత్తు, మరిగిన నీళ్లను ఆవిరి చేయడం ఇంకో ఎత్తు. అర లీటరు ఆవిరైపోయిందంటే 0.31 యూనిట్ గాల్లో కలిసినట్టే. ఒకసారి మా ఇంట్లో మూతలేని గిన్నెను, మరగడం మొదలైనప్పుడోసారి, ఇరవై నిమిషాలయ్యాక ఇంకోసారి త్రాసు మీద పెట్టి చూశాను. నాలుగు వందల గ్రాముల పైనే తగ్గింది. ఆ రోజు నుంచి మా వంటింట్లో మూతలు వెతుక్కోవాల్సిన పని లేదు, స్టవ్ పక్కనే ఉంటాయి. పైగా నీళ్లు తెర్లుతున్నా, చిన్నగా కుతకుతలాడుతున్నా వేడి అదే 100 డిగ్రీలు. మంట పెంచితే ఆవిరి పెరుగుతుందే తప్ప దుంప ముందుగా ఉడకదు.

ఇప్పుడు అవే దుంపలను అర లీటరు నీళ్లతో, సరిపోయే మూతతో పెట్టండి. దుంపలు మునగక్కర్లేదు, కింద నీళ్లు మరుగుతుంటే పైవాటిని ఆవిరే ఉడికిస్తుంది. ఇలా చేస్తే, నీళ్లు, దుంపలు, ఆవిరి అన్నీ కలిపి పూటకు 0.64 యూనిట్ పట్టే పని, మూత సందుల్లోంచి పోయే కాస్త ఆవిరితో సహా 0.17కి వస్తుంది. ఏడాదికి 208 పూటలు కాబట్టి మిగిలేది దాదాపు 100 యూనిట్ల వేడి. గ్యాస్ మంటలో సగం వరకు గిన్నెకు అంటకుండానే పోతుంది, కాబట్టి ఇంధనం లెక్కలో అది దాదాపు 200 యూనిట్లు. కిలో వంటగ్యాస్‌లో 12, 13 యూనిట్ల వేడి ఉంటుంది. అంటే సుమారు 15 కిలోల గ్యాస్. దీన్ని మీ గ్యాస్ ధరతో గుణించి చూసుకోండి. ఇందుకు మీరు పెట్టాల్సిన పెట్టుబడి ఏమీ లేదు.

మరి మైక్రోవేవ్ సంగతి? 1,200 వాట్లు లాగే మైక్రోవేవ్ పావుగంట నడిస్తే 0.3 యూనిట్. మూత పెట్టి గ్యాస్ మీద ఉడికిస్తే, మంటలో పోయేది కూడా కలుపుకుని, 0.34. తేడా ఇంతే. దీనికోసం వాయిదాలు, వాటి మీద వడ్డీ కడితే ఆ డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందో మీరే చెప్పగలరు. ఇప్పటికే మైక్రోవేవ్ ఉన్నవాళ్ల విషయం వేరు. ఒకటి రెండు దుంపలకైతే అదే నయం, ఫోర్కుతో నాలుగు చోట్ల గుచ్చి పెడితే నిమిషాల్లో అయిపోతాయి. పెద్ద ఎలక్ట్రిక్ ఒవెన్‌ను మాత్రం గుప్పెడు దుంపల కోసం గంటసేపు వేడి చేయకండి.

కుక్కర్ ఉంటే వాడండి. ఒత్తిడికి లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి టైమ్ బాగా తగ్గుతుంది. కానీ ప్రెషర్ రాగానే మంట తగ్గించాలి, ఆగకుండా విజిల్ వేస్తుంటే పోయేది ఆవిరే. మామూలు గిన్నెకైతే మూత టకటకలాడటం ఆగే చోటికి నాబ్ తిప్పి వదిలేయండి. కత్తి మొన గుచ్చి పైకెత్తితే దుంప దానంతట అదే జారిపోవాలి, అంతకు రెండు మూడు నిమిషాల ముందే స్టవ్ కట్టేసినా ఆ వేడికే పూర్తవుతుంది. తొందరుంటే ముక్కలు కోయండి, మందం సగమైతే వేడి లోపలికి చేరే సమయం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పులుపు మాత్రం దుంప మెత్తబడ్డాకే వేయండి. ముందే వేస్తే ముక్క గట్టిగానే ఉండి, గ్యాస్ అయిపోతూ ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, నాకు దిగులు కలిగించేది పారేసే దుంపలు. కిలో కొని పావు కిలో మొలకెత్తి చెత్తబుట్టలో పడితే, పైన మిగిల్చిందంతా అక్కడ పోయినట్టే. వెలుతురు తగలని, గాలి ఆడే చోట ఉంచండి, ఉల్లిపాయలతో కలపకండి. పచ్చబడిన భాగం తినకూడదు. రెండు పూటలకు ఒకేసారి ఉడికించినా మంచిదే, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లోపు వాడేయండి.

మీవారితో వాదన వద్దు. ఒక నెల ఇలా వండి, గ్యాస్ ఎన్ని రోజులొచ్చిందో క్యాలెండర్ మీద రాయండి. కట్టాలనుకున్న మొదటి వాయిదా మొత్తాన్ని ఆ నెల పొదుపు ఖాతాలో వేయండి. నెల తిరిగాక ఇద్దరూ కూర్చుని ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.