ట్రేడ్ విండోలో మోసపోతే కంపెనీని అడగొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బంగారు అంగడిలో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ చదువుతున్నాడు. ఒక ఆన్‌లైన్ గేమ్‌లో నాకు చెప్పే, నా కార్డుతోనే, దఫదఫాలుగా రూ.46,000 పెట్టి అరుదైన కత్తి ఒకటి కొన్నాడు. 2025 అక్టోబర్ 4 రాత్రి ఇంకో ఆటగాడితో మార్పిడికి కూర్చున్నాడు. ఇద్దరూ తమ వస్తువులు పెట్టి, సరేనని టిక్ కొట్టే తెర అది, ట్రేడ్ విండో అంటారు. అవతలివాడు మొదట మంచి వస్తువే పెట్టాడు. మావాడు సరేనని టిక్ కొట్టగానే దాన్ని తీసేసి, అచ్చం అలాగే కనిపించే చౌక వస్తువు పెట్టి తనూ టిక్ కొట్టాడు. కత్తి పోయింది. ఆటగాళ్ల మధ్య మార్పిడికి తమ బాధ్యత లేదని కంపెనీ మెయిల్ ఇచ్చింది. పిల్లాడు రోజుల తరబడి సరిగా అన్నం తినలేదు. కోపం పట్టలేక జనవరి 10న అకౌంట్ డిలీట్ చేయించి, ఫోన్ రీసెట్ కొట్టించాను. 'కార్డు వాడింది మేం కాదని బ్యాంకులో రాసివ్వు, డబ్బు వెనక్కి వస్తుంది' అని తెలిసినాయన చెబుతున్నాడు. ఇలాంటి మోసం జరగకుండా ఆటను తయారుచేయాల్సిన బాధ్యత కంపెనీకి లేదా? అన్నట్టు, అనంతపురంలో ఇంజినీరింగ్ చదివే మా అన్న కొడుకు ఆ రాత్రి స్క్రీన్ షేర్‌లో చూస్తూ తన ఫోన్‌లో రికార్డు చేశాడట.

జవాబు: మీ ఉత్తరంలో చాలా భాగం అబ్బాయి బాధ గురించే ఉంది. కేసును తేల్చేది మాత్రం 'అన్నట్టు' అంటూ చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యం. ఆ వీడియో ముందు తెప్పించండి. తెప్పించి ఒక్క సంగతి చూడండి: అవతలివాడు వస్తువు మార్చిన క్షణంలో మీ అబ్బాయి కొట్టిన టిక్ అలాగే ఉండిపోయిందా, చెరిగిపోయిందా?

టిక్ చెరిగిపోయి, మీవాడు చూసుకోకుండా రెండోసారి కొట్టి ఉంటే కంపెనీ మీద మీ కేసు బలహీనం. 'కొత్త వస్తువు చూపించాం, మళ్లీ ఒప్పుకున్నాడు' అంటారు. దానికి గట్టి సమాధానం నా దగ్గర కూడా లేదు. టిక్ అలాగే నిలిచి ఉంటే మాత్రం కథ మారుతుంది. ఒక వస్తువు చూసి ఇచ్చిన అంగీకారాన్ని కంపెనీ ప్రోగ్రామే తీసుకెళ్లి ఇంకో వస్తువుకు అంటగట్టింది. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 13 చెబుతోంది. మీ అంగడిలోనే చూడండి. తూకం చూసి సరేనన్న గొలుసు పక్కనపెట్టి, ఇంకో గొలుసు డబ్బాలో పెడితే, కస్టమర్ మొదట తలూపాడు కదా అని బిల్లు వేస్తారా? మళ్లీ తూచి చూపించాలి.

ఇక మీ అసలు ప్రశ్న. మార్పిడి తెర ఇలాగే ఉండాలని మన దేశంలో ప్రత్యేకంగా చెప్పే సెక్షన్ ఏదీ లేదు. కానీ ఇచ్చే సేవలో ఉండాల్సిన నాణ్యత, పద్ధతి లోపిస్తే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం. ఉండాల్సిన పద్ధతి ఏమిటని వినియోగదారుల కమిషన్ అడుగుతుంది. అక్కడ మిగతా గేములే మీకు సాక్ష్యం. రూన్‌స్కేప్‌లో ఎవరు వస్తువు మార్చినా ముందు ఇచ్చిన అంగీకారం రద్దవుతుంది. ఆపైన ఏది ఇస్తున్నారో ఏది తీసుకుంటున్నారో రెండో తెర మీద చూపించి మళ్లీ అడుగుతుంది. గేములు అమ్మే స్టీమ్ అనే వేదికలో మార్పిడిని మొబైల్ యాప్‌లో విడిగా ధ్రువీకరించాలి, ఆ యాప్ లేనివాళ్ల వస్తువుల్ని 15 రోజులు ఆపి ఉంచుతారు. కౌంటర్ స్ట్రైక్ 2లో 2025 జులై నుంచి, జరిగిన మార్పిడిని ఏడు రోజుల్లోపు వెనక్కి తిప్పుకునే వీలు పెట్టారు. ఇవన్నీ చేయగలిగిన పనులేనని, ఎప్పటినుంచో చేస్తున్న పనులని చూపించాలి. అబద్ధమాడింది ఆటగాడే, నిజం. కానీ ఆ బటన్ తయారుచేసింది కంపెనీ. పిల్లలు ఆడతారని తెలిసీ, వాళ్లు కొన్న ప్రతి వస్తువు మీద డబ్బు తీసుకుంటూ, ఇంత చిన్న కాపలా పెట్టకపోవడం లోపమేనన్నది నా గట్టి అభిప్రాయం.

కంపెనీ తరఫు లాయరు ఐటీ చట్టం సెక్షన్ 79 ఎత్తుతారు. తాము మధ్యవర్తులమే, ఇతరులు చేసినదానికి బాధ్యులం కాము అంటారు. మీరు తప్పుపట్టేది ఆ ఆటగాడి మాటల్ని కాదు, కంపెనీ సొంతంగా రాసిన ప్రోగ్రామ్‌ను అని ఫిర్యాదు మొదటి పేజీలోనే స్పష్టంగా రాయండి. ఉత్పత్తి బాధ్యత కింద, అంటే లోపమున్న ఉత్పత్తి వల్ల కలిగిన హానికి, నష్టపరిహారం అడగమని ఎవరైనా చెబితే వినొద్దు. అక్కడ 'హాని' అంటే ఏమిటో చెప్పే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(22) కేవలం ఆర్థిక నష్టాన్ని తీసి పక్కన పెట్టింది. 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలను ప్రస్తావించొచ్చు. కానీ అవి ప్లాట్‌ఫామ్ తానే వినియోగదారుణ్ని తప్పుదోవ పట్టించే పద్ధతుల గురించి. కేసు మొత్తం వాటి మీద నిలబెడితే జారిపోతుంది.

ఇప్పుడు మీరు చేసిన పని గురించి. ఫోన్ రీసెట్ కొట్టించడం, అకౌంట్ డిలీట్ చేయించడం కోపంలో చేసి ఉండొచ్చు. కానీ దొంగతనం జరిగిన ఇంటిని మీరే తుడిచి కడిగేశారు. చాట్, వస్తువుల జాబితా, మార్పిడి వివరం, అవతలివాడి ఐడీ అన్నీ అందులోనే ఉండేవి. కేసు వేయాలన్న ఆలోచన ఉన్నవాళ్లు చేసే పని కాదిది. మిగిలింది కాపాడుకోండి. ఐటీ నియమాలు 2021 ప్రకారం, అకౌంట్ రద్దయ్యాక కూడా రిజిస్ట్రేషన్ సమాచారాన్ని మధ్యవర్తి సంస్థ 180 రోజులు ఉంచాలి. మీ లెక్కన అది జులై 9తో అయిపోతుంది. మార్పిడి లాగ్‌లు, అంటే కంపెనీ సర్వర్‌లో నమోదైన రికార్డులు, అంతకాలం ఉంటాయని కూడా భరోసా లేదు. అందుకే ఈ వారమే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు నోటీసు పంపండి. యూజర్ పేరు, తేదీ, ఇంచుమించు సమయం రాసి, ఆ రాత్రి మార్పిడికి సంబంధించిన రికార్డులు చెరపొద్దని అడగండి. ఈమెయిల్‌తో పాటు, ఇండియాలో ఆఫీసు ఉంటే రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపి, రసీదు దాచండి. 'మా బాధ్యత లేదు' అన్న పాత మెయిల్ కూడా భద్రంగా ఉంచండి. ఆ మెయిల్లో వాళ్లు మార్పిడి జరగలేదని అనలేదు కదా, అది మీకే పనికొస్తుంది.

వీడియో విషయంలో మరీ జాగ్రత్త. మీ అన్న కొడుకును వాట్సాప్‌లో పంపమనొద్దు. వాట్సాప్‌లో వీడియో కుదించుకుపోతుంది, ఫైలు మారిపోతుంది. కత్తిరించడం, టైటిల్ పెట్టడం, బాణం గుర్తు గీయడం ఏదీ చేయొద్దు. అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉండాలి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో రెండు భాగాలు. మొదటిది ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు, అంటే ఆ అబ్బాయే, ఇవ్వాలి. రెండోది నిపుణుడు. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, రెండింటిలోనూ ఒకటే ఉండాలి. సర్టిఫికెట్ లేని కాపీ చెల్లదని పాత చట్టం కింద 2020లోనే అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల కమిషన్ కొంత ఉదారంగా చూసినా, పోలీసు కేసులో ఇది లేకపోతే ఇబ్బంది పడతారు.

బ్యాంకులో అబద్ధం రాసివ్వమన్న మీ తెలిసినాయన మాట చెవిన పెట్టకండి. మన ప్రమేయం లేకుండా మూడోవాళ్లు డబ్బు లాగితే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన రక్షణ అది. మీకు తెలిసే కొన్నారు. కాదని సంతకం పెడితే మోసం కేసు మీ మీదకే వస్తుంది. ఇంకో నష్టం కూడా ఉంది: కమిషన్ ముందు మీకున్న హక్కంతా 'నేను డబ్బు కట్టాను' అన్న మాట మీదే ఉంది. కట్టింది మేం కాదని ఒక కాగితం మీద రాసి, కట్టామని ఇంకో కాగితం మీద రాస్తే, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించడానికి కంపెనీ లాయరుకు ఐదు నిమిషాలు చాలు.

ఇంకో రెండు విషయాలు మీరు రాయలేదు, నేను అడగాల్సిందే. అకౌంట్ తెరిచేటప్పుడు అబ్బాయి వయసు 18 దాటిందని పెట్టాడా? పెట్టి ఉంటే దాచకండి, ఫిర్యాదులో మీరే చెప్పండి. మైనర్ తరఫున తల్లో తండ్రో ఫిర్యాదు చేయొచ్చని చట్టమే అంటోంది, పైగా డబ్బు మీది. రెండోది, ఆ కత్తుల్ని కొని లాభానికి అమ్మే అలవాటు ఉందా? ఉంటే 'వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారులే కారు' అన్న అభ్యంతరం వస్తుంది. వాటిని పందేల్లో పెట్టి ఆడుతుంటే అసలు ఈ దారిలోకే రావద్దు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుకు మార్చుకోగల వస్తువులతో ఆడే ఆటల్ని కూడా నిషేధించింది.

కంపెనీ మీద ఫిర్యాదుకు గడువు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు. అంటే 2027 అక్టోబర్ మొదటి వారం. అంతవరకు ఆగొద్దు, లాగ్‌లు ఆగవు. మోసం చేసిన ఆటగాడి మీద ఫిర్యాదు వేరే. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేసి, ఆ నంబరు తీసుకుని స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి. కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసగించడం గురించిన ఐటీ చట్టం సెక్షన్ 66డి వర్తిస్తే దానికి మూడేళ్ల గడువు. 1930 నంబరు బ్యాంకు డబ్బును వెంటనే ఆపడానికి. ఇన్ని నెలల తర్వాత, వస్తువు పోయిన కేసులో దానివల్ల మీకు పెద్దగా ఒరిగేది లేదు.

కంపెనీ మీద కేసు కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. ఫిర్యాదుదారు ఉండే చోటే వేసుకోవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 చెబుతోంది. కంపెనీ నిబంధనల్లో ఆర్బిట్రేషన్ షరతు, అంటే తగాదాను కోర్టులో కాకుండా ప్రైవేటు తీర్పరి దగ్గరే తేల్చుకోవాలనే షరతు, ఉన్నా భయపడొద్దు. అది కమిషన్‌కు అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసమున్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. వేసే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే కొన్నిసార్లు అక్కడే తేలుతుంది. కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ కంపెనీకి వెళ్లిన ప్రతి మొత్తాన్నీ గుర్తుపెట్టి, అంతే అడగండి. కత్తి తిరిగి ఇవ్వాలి, లేదా రూ.46,000, కొంత ఖర్చులు. లక్షలు అడిగితే కమిషన్‌కు మీ మీద నమ్మకం తగ్గుతుంది. దాంతోపాటు, వస్తువు మారితే టిక్ చెరిగిపోయేలా ఆ లోపాన్ని సరిచేయమని ఆదేశించాలని కూడా రాయండి. సేవలో లోపాన్ని తొలగించమనే అధికారం సెక్షన్ 39 కింద కమిషన్‌కు ఉంది. చాలామంది డబ్బు అడిగి ఇది వదిలేస్తారు, మీరు వదలకండి.