వరద తీసిన బస్తీకి ముందుగా ఏం కావాలి?

ప్రశ్న: మూసీ ఒడ్డున మా పక్క బస్తీలోకి వరద వచ్చి తగ్గింది. మా కాలనీ యువకులు పాత బట్టలు, బియ్యం సేకరిస్తున్నారు. అవి సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: బియ్యం ఇవ్వండి, పాత బట్టలు మాత్రం వద్దు. వాటిని కుప్పలోంచి ఏరుకోమనడం బాధితులను చిన్నబుచ్చడమే. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. అంతటి పనులు ప్రభుత్వానివి. ఇంట్లో పేరుకున్న బురదను ఎత్తిపోయడానికి మాత్రం పారలు, తట్టలు పట్టుకొని వచ్చే ఇరుగుపొరుగే దిక్కు.

ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ ఆపించిన తరువాతే లోపల అడుగుపెట్టాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) సోకుతుంది కనుక గంబూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. కాళ్లకు గాయాలున్నవారిని ఆ పనికి పంపకండి. అన్నిటికన్నా ముఖ్యమైనది సంపు. మురుగునీటిని మోటారుతో పూర్తిగా తోడించి, గోడలకు పట్టిన ఒండ్రును రుద్ది కడిగి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటితో మళ్లీ శుభ్రం చేసేవరకు ఆ ఇంటివారికి తాగునీరు మీరే అందించాలి.

తడిసిన రేషన్ కార్డులను, పిల్లల సర్టిఫికెట్లను ఎండలో వేయకుండా, పాత న్యూస్‌పేపర్ల మధ్య పరచి నీడలో ఆరబెట్టించండి. సాయం కోసం జాబితా రాసేటప్పుడు ఇంటి యజమానితో మాట్లాడి ఊరుకోక, వెనుక గదుల్లో అద్దెకుంటున్న వలస కూలీల పేర్లు కూడా వారినే అడిగి రాసుకోండి.