బోస్టన్‌లో ఎక్కి బోస్టన్‌లోనే దిగే క్రూజ్‌కి కెనడా వీసా ఎందుకు?

ప్రశ్న: న్యూజెర్సీలో హెచ్‌1బీ మీద పనిచేస్తున్నాను. వీసా స్టాంపు గడువు తీరింది, ఐ-94కి (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ఇంకా ఏడాదిన్నర ఉంది. అమ్మానాన్న విజయవాడ నుంచి బీ2 సందర్శక వీసాపై వచ్చారు. ఆకులు రంగులు మారే అక్టోబరులో బోస్టన్ నుంచి అమెరికాలోనే ఉన్న బార్ హార్బర్, కెనడాలోని సెయింట్ జాన్, హాలిఫాక్స్ చూసి తిరిగొచ్చే క్రూజ్ అనుకుంటున్నాం. అమ్మానాన్నల టికెట్లు తీసిన విజయవాడ ఏజెంటు, ఓడ దిగకపోతే కెనడా వీసా అక్కర్లేదంటున్నాడు. నిజమేనా? ఓడ ఏదైనా రేవును వదిలేస్తే డబ్బు తిరిగి ఇస్తారా?

జవాబు: ఏజెంటు మాట నమ్మితే మిమ్మల్ని బోస్టన్ టెర్మినల్‌లోనే ఆపేస్తారు. సముద్రం మీద వెళ్లినా భారత పౌరులకు కెనడా విజిటర్ వీసా కావాలి. అమ్మానాన్నలకే కాదు, మీకూ కావాలి. అమెరికా వీసా దానికి బదులు కాదు, మినహాయింపు ఉన్నది గ్రీన్‌కార్డు వాళ్లకే. క్యాబిన్‌లోనే కూర్చుంటామన్నా కంపెనీ ఎక్కించుకోదు. పత్రాలు లేక ఆగిపోతే పైసా ఇవ్వబోమని టికెట్ కాంట్రాక్టులోనే రాసుకుంటారు.

కెనడా తాకని ఓడ చూసుకుందామంటే అదీ తేలిక కాదు. విదేశీ జెండా ఓడలు అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను చేరవేయకూడదని 1886 నాటి ప్యాసింజర్ వెసల్ సర్వీసెస్ చట్టం చెబుతోంది. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి జెండాలవే కనుక మధ్యలో పరాయి రేవు ఉండాల్సిందే. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలోనే తిరిగే అమెరికా జెండా చిన్న ఓడలున్నాయి గానీ ధర బాగా ఎక్కువ. ఇదే చట్టం వల్ల బార్ హార్బర్‌లో దిగిపోయి ఇంటికెళ్తామన్నా కుదరదు, అందుకు పడే జరిమానాను కంపెనీ మీ నుంచే రాబడుతుంది.

వీసా రుసుము మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85. అమ్మానాన్నలు అమెరికాలో ఉండగానే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. క్రూజ్ తుది చెల్లింపు గడువు సుమారు మూడు నెలల ముందే వస్తుంది. వీసాలు చేతికి రాకుండా ఆ డబ్బు కట్టకండి.

ఇక మీ తిరుగు ప్రయాణం. స్టాంపు గడువు తీరినా, 30 రోజుల్లోపు కెనడా వెళ్లి చెల్లుబాటయ్యే ఐ-94తో తిరిగొస్తే ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ (గడువు తీరిన స్టాంపునే చెల్లినట్టు చూసే నిబంధన) కింద రానిస్తారు. అక్కడ ఉండగా అమెరికా వీసాకి దరఖాస్తు పెట్టకూడదు. టెర్మినల్ సిబ్బందిలో ఈ నిబంధన తెలియనివాళ్లుంటారు కాబట్టి అది రాసి ఉన్న అమెరికా ఫెడరల్ నియమం 22 సీఎఫ్ఆర్ 41.112(డి) ప్రతి, హెచ్‌1బీ ఆమోద పత్రం ఐ-797, ఐ-94 ప్రింటు దగ్గర ఉంచుకోండి. అసలు మెలిక ఇంకోటుంది. హెచ్‌1బీకి ఈ వెసులుబాటు కెనడా, మెక్సికోలకే. సెయింట్ పియర్, బెర్ముడా లాంటి దీవులకు వెళ్లొస్తే అది ఎఫ్ (విద్యార్థి), జే (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకే వర్తిస్తుంది. అక్టోబరు తుపానుల కాలం, ఓడ దారి మార్చే హక్కు కంపెనీది. బెర్ముడాకి మళ్లితే మీ పని చిక్కులో పడుతుంది. అందుకే స్టాంపు లేకుండా ఈ ప్రయాణం వద్దనే చెబుతాను.

అమ్మానాన్నలకు క్రూజ్‌తో మరో ఆరు నెలలు కలిసొస్తాయని లెక్కేసుకోకండి. కెనడాకు ఇలా వెళ్లొస్తే మామూలుగా పాత ఐ-94 గడువే మిగులుతుంది. తిరిగొచ్చిన రోజే అమెరికా సరిహద్దు తనిఖీ విభాగం సీబీపీ సైట్‌లో తేదీ చూసుకోండి.

రేవు వదిలేస్తే పరిహారం దాదాపు ఉండదు. బార్ హార్బర్‌లో పెద్ద ఓడలు లంగరేసి చిన్న పడవల్లో దించుతాయి. అల ఎక్కువైతే అదీ రద్దే. అప్పుడు తిరిగొచ్చేది సాధారణంగా పోర్టు రుసుము, కంపెనీ దగ్గరే కొన్న టూర్ల డబ్బు. బయట కొన్న టూరుకు ఓడ కంపెనీ బాధ్యత లేదు. ఆకులు అనుకున్నంత ఎర్రబడలేదన్న కేసు అసలే నిలవదు.

ఓడలో జారిపడి దెబ్బ తగిలితే మాత్రం గడువులు చూసుకోండి. చాలా కాంట్రాక్టుల్లో నోటీసుకు ఆరు నెలలు, దావాకు ఏడాదే ఉంటాయి. దావా కూడా కంపెనీ రాసుకున్న ఊళ్లోనే, తరచూ మయామీలో. అలాంటి షరతు చెల్లుతుందని కార్నివాల్ వర్సెస్ షూట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది.

ఏజెంటు సంగతి వేరు. తప్పుడు సలహాతో నష్టపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34, 69 సెక్షన్ల ప్రకారం అమ్మానాన్నలు తాముండే జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. ఆయన ఆ మాట నోటితో అని ఉంటే, ఇప్పుడే వాట్సాప్‌లో మళ్లీ అడిగి జవాబు రాయించుకోండి.