సుగ్గికి పోయే ఊళ్లలో పదో తరగతి పిల్లలు

నాయనా,

మన కర్నూలు జిల్లా కోసిగి పక్క పిల్లల్ని పదో తరగతి తర్వాత మంచి కాలేజీల్లో చేర్పించాలని ఉందని రాసినావు, చాలా సంతోషం. ఈ బళ్లలోనే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, తెలిసింది చెప్తా విను.

ట్యూషన్ సంగతి తర్వాత. ముందు పిల్లలు ఊళ్లో ఉండేలా చూడు. వానలు సరిగ్గా పడని ఏడాది ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో నీకు తెలుసు కదా, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతూ పిల్లల్నీ తీసుకుపోతారు, సరిగ్గా అప్పుడే బళ్లో రివిజన్లు, ప్రీఫైనల్స్, ఆ వెనకే మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అందుకే దసరా నాటికే ఇంటింటికీ పోయి మాట్లాడు. ఆడపిల్ల ఉన్న ఇంట్లో తల్లితో మాట్లాడు. ఆమె అడిగేది ఒకటే, రాత్రిపూట పిల్ల ఎవరి దగ్గర పడుకుంటుంది అని. అవ్వ ఇంట్లోనా, హాస్టల్లోనా, ఏదో ఒకటి ఖాయం చేసుకున్నాకే ఆ గడప తొక్కు.

ఇంక కాగితాలు. ఆధార్‌లో లక్ష్మి, బడి రిజిస్టర్‌లో మహాలక్ష్మి అని ఉంటుంది, పుట్టిన తేదీ కూడా ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో ఇంకొకటి. నామినల్ రోల్స్, అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, పోకముందే హెడ్మాస్టర్ దగ్గర కూర్చుని ఒక్కో పేరూ అక్షరం అక్షరం సరిచూడు, టెన్త్ మెమోలో తప్పు పడితే ఆ పిల్ల ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు సచివాలయంలో ముందే అర్జీ పెట్టించు.

ఎక్కడ చేరాలంటావా, బాగా చదివే పిల్లలకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది, ఆరేళ్ల కోర్సు, ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు, సర్కారు బడి పిల్లలకు వెయిటేజీ కూడా ఉంది. ఇంట్లో మరీ ఇబ్బందిగా ఉంటే మాత్రం నేను పాలిటెక్నిక్‌కే పొమ్మంటా. మూడేళ్లకు చేతికి డిప్లొమా వస్తుంది, పైచదువు చదవాలనుకుంటే డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ ఎంట్రన్స్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్, దాని 120 మార్కుల్లో లెక్కలకే 50, అన్నీ పదో తరగతి పాఠాలే. కాబట్టి నీకున్న సాయంత్రాలన్నీ లెక్కలకే పెట్టు, అదీ ఫస్టొచ్చే ఇద్దరితో కాదు, మధ్యలో ఉండే పిల్లలతో, వాళ్లను పట్టించుకునేవాళ్లే లేరు. ఆర్జేసీ, అంటే సర్కారు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల ఎంట్రన్స్ కూడా అందరితో రాయించు, సీటొస్తే ఇంటర్ రెండేళ్లూ తిండికీ బసకూ వెతుక్కోనక్కరలేదు.

ఎనిమిదో తరగతి పిల్లలు కనిపిస్తే వదలొద్దు, ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించు. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది, ఆ డబ్బు చూపిస్తే సుగ్గి మాట తీసేటప్పుడు తండ్రి కొంచెం ఆగుతాడు.

అప్లికేషన్లలో ఫోన్ నంబర్ మాత్రం ఊళ్లో ఉండేవాళ్లదే ఇవ్వు. తండ్రి నంబర్ ఇస్తే ఆయన మిరప చేలో ఉంటాడు, ఓటీపీ అక్కడికి పోతుంది, ఇక్కడ గడువు దాటిపోతుంది.