లాంగ్‌జింగ్ టీకి అంత ధర ఎందుకు? గ్రీన్ టీ ఏదైనా చేదే కదా?

మీరు అడిగిన రెండింటిలో చేదు సంగతి తేలిక, ముందు అది చెబుతాను. మన దగ్గర గ్రీన్ టీ పేరుతో చిన్న సంచుల్లో అమ్మేది చాలావరకు నూక, పొడి. దాన్ని సలసల మరిగే నీళ్లలో ముంచితే చేదెక్కక ఏమవుతుంది? లాంగ్‌జింగ్ చైనా గ్రీన్ టీ, విడి ఆకు. గాజు గ్లాసులో 3 గ్రాముల ఆకు వేసి, మరిగించి కాస్త చల్లార్చిన నీళ్లు (80 డిగ్రీల దగ్గర) పోస్తారు. వడకట్టరు. మూడో వంతు మిగిలి ఉండగానే మళ్లీ నీళ్లు నింపుతారు. మొదట వేయించిన గింజల వాసన, చివర్లో నాలుక మీద సన్నటి తీపి. పాలు, చక్కెర ఊసే లేదు.

ఇక ధర. నేను చైనాలోని హాంగ్‌జౌ నగరంలో వైద్యవిద్య చదివాను. అక్కడి పశ్చిమ సరస్సును ఆనుకుని ఉన్న కొండల్లోదే అసలు లాంగ్‌జింగ్. వసంతంలో వీలు చిక్కినప్పుడల్లా మెయిజియావు అనే తేయాకు ఊరికి వెళ్లేదాన్ని. ఏప్రిల్ 5 ప్రాంతంలో చింగ్‌మింగ్ వస్తుంది, పితృదేవతల సమాధులు శుభ్రం చేసే పండుగ. దానికి ముందు కోసిన చిగురుకే అత్యధిక ధర. కోసేది ఒక మొగ్గ, దాని పక్కన విచ్చీ విచ్చని ఒకటో రెండో ఆకులు. నాలుగైదు కిలోల పచ్చి చిగురు వేయిస్తే ఎండు టీ ఒక్క కిలో వస్తుంది. కోత కూలీలను వేరే ప్రాంతాల నుంచి పిలిపిస్తారు.

కోసిన చిగురును వెదురు చాటల్లో పలచగా పరిచి కొన్ని గంటలు నీడన ఆరబెడతారు. పచ్చివాసన తగ్గాక ఇనుప మూకుడు దగ్గరికి తెస్తారు. ఒకప్పుడు కింద కట్టెల మంట, ఇప్పుడు కరెంటు. గరిటె ఉండదు, ఒట్టి చెయ్యే. గుప్పెడు ఆకు వేసి అరచేతితో నొక్కడం, ఎగరేయడం, మూకుడు గోడకు అదిమి జారవిడవడం... ఇలాంటి పది కదలికలున్నాయంటారు. ఆకులో తేమ తగ్గేకొద్దీ ఏ కదలిక ఎంత బలంగా చేయాలో వేళ్లకే తెలియాలి. అక్కడి పెద్దాయన ఒకరు నన్నూ చెయ్యి పెట్టి చూడమన్నారు. పెట్టాను, వెంటనే తీసేశాను. ఆయన మాత్రం కబుర్లు చెబుతూనే వేయించారు. ఆ వేడికి ఆకులోని ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, అందుకే మన అస్సాం టీలా ఆకు ఎర్రబడదు. ఒక విడత వేయించి, చల్లార్చి, మళ్లీ వేయిస్తారు. రెండో విడతలోనే ఆకు చదునుగా, నునుపుగా తేలుతుంది. తర్వాత కాగితం పొట్లాలు కట్టి, తేమ పీల్చేందుకు సున్నం వేసిన జాడీలో దాచడం పాత పద్ధతి.

ఈ కొండల టీ గురించి 8వ శతాబ్దంలోనే, టీ మీద గ్రంథం రాసిన లు యూ అనే పండితుడు రాశాడు. అప్పటి టీ వేరు. ఆకును ఆవిరి పట్టి, దంచి, బిళ్లలు చేసేవారు. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి కప్పంగా బిళ్లలు వద్దు, విడి ఆకు పంపండి అన్నాడు. మూకుడులో వేయించే పద్ధతి ఆ తర్వాతే బాగా వ్యాపించింది. 18వ శతాబ్దపు చియెన్‌లాంగ్ చక్రవర్తి 18 తేయాకు మొక్కలకు రాజ మర్యాద ఇచ్చాడన్న కథ అక్కడ ప్రతి దుకాణంలోనూ వినిపిస్తుంది. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. ఆయన ఆ కొండలకు వచ్చి లాంగ్‌జింగ్ మీద కవితలు రాయడం మాత్రం నిజం.

కొనేటప్పుడు: 'పశ్చిమ సరస్సు లాంగ్‌జింగ్' అనే పేరు 168 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికే చెల్లుతుంది. హాంగ్‌జౌ ఉన్న జెజియాంగ్ రాష్ట్రంలో మిగతా చోట్ల పండేది కూడా లాంగ్‌జింగే, ధర బాగా తక్కువ, రోజూ తాగడానికి బాగుంటుంది. మరీ పచ్చగా మెరిసే ఆకును చూసి మురిసిపోకండి. పాత రకం మొక్కల ఆకులో కొద్దిగా పసుపు ఛాయ ఉంటుంది. 'లాంగ్‌జింగ్ 43' అనే కొత్త రకం ముందే చిగురిస్తుంది కనుక మార్కెట్‌కూ ముందే వస్తుంది. పండుగకు ముందు కోతకు పెట్టే డబ్బులో సగం పేరుకే పోతుందని నా అభిప్రాయం. పండుగ దాటాక, ఏప్రిల్ 20 లోపు కోసినది అడగండి. రుచి ఇంకాస్త గట్టిగా ఉంటుంది, ధరా దిగుతుంది. ప్యాకెట్ మీద ఏ ఏడాది కోతో చూసి, ఈ ఏటిదే తీసుకోండి.