చీర మడతలు ఆయిల్ పెయింటింగ్‌లో వేస్తే రేకులా వస్తున్నాయి, ఏం చేయాలి?

హాల్లో పెట్టుకోవడానికి అమ్మగారి చీర బొమ్మను ఆయిల్ రంగుల్లో వేస్తున్నాననీ, మడతలు రేకు వంచినట్టు వస్తున్నాయనీ రాశారు. మూడేళ్ల కిందట నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను. మా అమ్మమ్మ గద్వాల చీర అది. చీరంతా ఆకుపచ్చ, అంచు ఎరుపు.

నేను చేసిన తప్పేంటంటే, కనిపించిన మడతనల్లా గీతలా గీసుకుంటూ పోయాను. బట్ట బరువు ఏదో ఒకచోట పడుతుంది, మేకు దగ్గరో కుర్చీ మూలనో. మడతలన్నీ అక్కణ్ణుంచే విచ్చుకుంటాయి. ముందు ఆ చోటు పట్టుకోండి. చీర వేలాడదీశాక ఒక రాత్రి అలాగే వదిలేయండి, అది తన బరువుకి తాను సర్దుకుంటుంది. వెలుతురు ఒక్క కిటికీ నుంచే రావాలి.

హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘వీల్డ్ రెబెక్కా’ను, అంటే ముసుగు వేసుకున్న రెబెక్కా శిల్పాన్ని తీరిగ్గా చూడండి. అదంతా తెల్ల పాలరాయి, రంగే లేదు. అయినా పల్చటి ముసుగు వెనక ముఖం కనిపిస్తుంది. ఇంటికొచ్చి పాత కాన్వాస్ పక్కనపెట్టేశాను. టర్పెంటైన్‌తో పల్చన చేసిన బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు ఒక్కదానితోనే వెలుగునీడలు మొత్తం వేసుకున్నాను. అది ఆరాకే రంగులు. పై పొరల్లోనే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పెంచండి, ఈ వరుస తిరగేస్తే రంగు పగుళ్లొస్తాయి.

గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు మీద వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. పట్టు మీద సన్నగా, చురుగ్గా, ముదురు నీడ పక్కనే మెరుస్తుంది. రెండూ కలిసేచోట ఎరుపు ఆకుపచ్చ నీడలోకి కాస్త పాకుతుంది. ఆ నీడలో నలుపు కలిపినన్నాళ్లూ జీవం లేదు. బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు చిటికెడు కలిపాక బట్ట బట్టలా కనిపించింది, నాకు కళ్లు చెమర్చాయి. జరీకి బంగారు రంగు ట్యూబు వద్దు. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), రా అంబర్ (మట్టి గోధుమ) చాలు, చివర్లో లేత పసుపు చుక్కలు.

బొమ్మను చెమ్మ గోడకి మాత్రం తగిలించకండి. వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగండి, జరీ దగ్గర రంగు మందంగా ఉంటే ఇంకా ఎక్కువే. ఆరేదాకా వెలుతురున్న గదిలోనే ఉంచండి. నాది కొన్నాళ్లు బీరువా వెనక పెడితే పసుపు తిరిగింది, వెలుతురులోకి తెచ్చాక చాలావరకు తగ్గింది.

మీ చీర ఏ నేతో చెప్పండి. వెంకటగిరి లాంటి పల్చటి నూలైతే నీడలు వేసే పద్ధతి కొంచెం మారుతుంది, అదీ రాస్తాను.